పెద్దావిడ ఆగిపోయింది

జూన్ 2

చిట్టీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నామని మొదలుపెట్టడం నా అలవాటు. ఈసారి ఆ ముక్క రాయబుద్ధి కావడం లేదు, వదిలేస్తున్నా. నువ్వు బాగున్నావనే అనుకుంటాను. ఫోన్ చేద్దామంటే మీ లెక్చరర్ల క్వార్టర్స్‌లో ఫోను వార్డెన్ గదిలో ఉంటుంది, ఆవిడ చెవి నీ చెవి పక్కనే ఉంటుంది. కాగితమే నయం.

నువ్వు పంపిన అనువాదం కట్ట మొన్న చేరింది. నీ తెలుగు సాఫీగా ఉందో లేదో అమ్మ చదివి చెప్తుందని పంపుతున్నావు, బాగానే ఉంది. కానీ ఇంతింత లావు కట్టలేమిటి? భోజనాల బల్ల మీద సగం చోటు వాటికే పోయింది. మీ వదిన నైట్ డ్యూటీ చేసి ఆసుపత్రి నుంచి వచ్చి కాస్త తిందామంటే పళ్ళెం పెట్టుకునే దిక్కు లేదు.

ఇక లాండ్రీ సంగతి. పెద్దావిడ ఆగిపోయింది. సోమవారం పొద్దున మామూలుగానే మొదలైంది, హోటలువాళ్ళ దుప్పట్లు సగం అయ్యాయో లేదో ఠక్కున ఆగింది. వేడెక్కిందేమో, కాసేపు వదిలేస్తే మళ్ళీ అందుకుంటుందిలే అనుకున్నా. అందుకోలేదు. ఇవాళ్టికీ కదలిక లేదు. అంతకుముందు నుంచే లోపల్లోపల గొణుగుడు వినిపిస్తూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. నాన్నగారి హయాం నుంచీ ఒక్కనాడు పేచీ పెట్టింది కాదు. ఎవరికైనా చూపిద్దామని మీ వదిన అంటోంది. కొత్తగా ఏదైనా ఏర్పాటు చూసుకోవాలా, ఓపిక పట్టాలా, నాకు పాలుపోవడం లేదు. నువ్వు చదువుకున్నదానివి, ఏదో ఒకటి చెప్పు.

బట్టలు గుట్టలు పడుతున్నాయి, ఉంటా.

అన్నయ్య

జూన్ 9

అన్నయ్యా,

నీ ఉత్తరం చూస్తే మన తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. నీ వ్యాసాల పక్కన ఎర్రసిరాతో "కర్త ఎక్కడ?" అని రాసేవారు కదా. నీకు కర్తంటే ఎప్పుడూ పడదు. ఎవరు వచ్చారో చెప్పవు, వచ్చింది అంటావు. ఎవరు పోయారో చెప్పవు, పోయింది అంటావు. తీరా చూస్తే పోయింది కరెంటు.

బల్ల మీద చోటు ఆక్రమించినందుకు వదినకి నా తరఫున సారీ చెప్పు. ఆ కట్టల్లో ఏముందో నీకూ కాస్త చెప్తాను, వినకపోయినా సరే. మూడొందల ఏళ్ళ కిందటి మాట. ఒక తత్వవేత్త చలికాలంలో ఓ రోజంతా పొయ్యి ఉన్న గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచీ తనకి తెలుసనుకున్నవన్నీ నిజంగా తనకి తెలిసినవా, ఎవరో చెప్పగా నమ్మినవా అని ఒక్కొక్కటే పక్కకి తీసి చూశాడు. ఒళ్ళు యంత్రం లాంటిది, మనసు వేరు అన్నాడు. ఆడవాళ్ళ సంగతి ఆయన పెద్దగా ఎత్తుకోలేదు. కానీ తర్వాతి తరంలో ఒకాయన ఆ పద్ధతినే పట్టుకుని ఎక్కడికి తీసుకెళ్ళాడో చూడు. అన్నిటినీ అనుమానించాలంటే, లోకమంతా అనుమానమే లేకుండా నమ్మేదాంతోనే మొదలుపెడదాం, ఆడది తక్కువ అన్నమాటతో, అన్నాడు. తేడా ఒంట్లో ఉంది గానీ మనసుకి ఆడా మగా లేదని తేల్చాడు. నేను తెలుగు చేస్తున్నది ఆ చిన్న పుస్తకాన్ని. ఆ మాట తెలుగులో ఎంత సులువుగా ఒదిగిందంటే, ఎక్కడో ఏదో తప్పు చేశానేమోనని నాకే అనుమానం.

ఇంకో తమాషా. ఆ మొదటాయనకి ఒక రాకుమారి ఉత్తరాలు రాసేది. బరువూ ఆకారమూ లేని మనసు ఒంటిని ఎలా కదిలిస్తుందండీ అని అడిగింది. ఆయన నీళ్ళు నమిలాడు. ఇంటి వ్యవహారాల వల్ల ఆలోచించుకునే తీరిక దొరకడం లేదని కూడా ఆవిడ రాసుకుంది. రాకుమార్తెలకే దిక్కులేదు, మన సంగతి ఎంత.

ఇక పెద్దావిడ విషయం. నువ్వు మరీ బెంగపడకు. అంత చాకిరీ చేశాక ఆగిపోక ఏం చేస్తుంది? ఎవరికైనా చూపిస్తే చూపించు గానీ ఆ వయసులో విడిభాగాలు దొరకవు. నిజం చెప్పనా, ఆ శబ్దం పడలేక నేను చెవుల్లో దూది పెట్టుకుని చదువుకునేదాన్ని. నాన్నగారి గుర్తని మొహమాటపడకు. చోటు దండగ. పాత సామాన్లవాడిని పిలిచి తూకానికి వేసేయ్. అంతగా మనసొప్పకపోతే జ్ఞాపకానికి ఏదో ఒక బిళ్ళ ఊడదీసి దాచుకో.

ఎప్పటిలాగే భోజనాల దగ్గర వదినని ఇది పైకి చదవమను, అందరూ వింటారు.

నీ చిట్టి

జూన్ 15

చిట్టికి,

పైకి చదవమన్నావు. మీ వదిన చదివింది.

రాకుమారి దాకా బాగానే నడిచింది, అమ్మ నవ్వింది కూడా. చెవుల్లో దూది దగ్గర మీ వదిన ఆగి నా మొహం చూసింది. అమ్మ "ఆపకు, పూర్తిగా చదువు" అంది. పాత సామాన్లవాడి దగ్గర నేను లేచి చెయ్యి కడుక్కున్నా. అమ్మ ఆఖరిదాకా విని, కళ్ళజోడు తెప్పించుకుని తనే ఇంకోసారి చదువుకుంది. మడతపెట్టి "తెలుగు బాగా కుదిరింది, ఎక్కడా తట్టుకోలేదు" అంది. మర్నాడు లేచేసరికి అమ్మ ఇంట్లో లేదు.

నీ నాలుక పదునని ఊరందరికీ తెలుసు. తల్లి మీద దూస్తావని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు. పెద్దావిడ ఆగిపోయింది, ఏం చేద్దామని తోడబుట్టినదానివని అడిగితే, తూకానికి వేయమంటావా? బిళ్ళ ఊడదీసి దాచుకోమంటావా? ఏం బిళ్ళ, అమ్మ పన్నా?

అసలు జరిగింది నీకు విడమరచి రాయలేదు, నా తప్పే. ఆ సోమవారం అమ్మ ఇస్త్రీ సగంలో ప్లగ్గు పీకేసి, కుర్చీ తీసుకెళ్ళి బాయిలర్ పక్కన వేసుకుని కూర్చుంది. అంత వేడిలో ఎందుకమ్మా అంటే, "మీ చెల్లి పంపిన కాగితాల్లో ఆయన పొయ్యి పక్కనే కూర్చున్నాడు" అంది. నాకు తెలుసనుకున్నవన్నీ తీసి చూసుకుంటున్నా, తేలేదాకా ఎవరూ పలకరించకండి అంది. చూసుకుని ఏం చేస్తావమ్మా అంటే, నాదేదో మిగిలితే ఉంచుకుంటాను అంది. ఒంట్లో బాలేదేమో డాక్టరుకి చూపిద్దామని మీ వదిన గోల. తగ్గుతుందిలే అని నేను. ఈలోగా నీ ఉత్తరం.

పట్టుకెళ్ళింది రెండు చీరలు, నీ కాగితాల కట్ట, తన ఇస్త్రీపెట్టె. ఇల్లు వదిలి పోయేవాళ్ళు ఇస్త్రీపెట్టె ఎందుకు పట్టుకెళ్తారో నీ తత్వవేత్తలని అడిగి రాయి.

అన్న

జూన్ 19

అన్నయ్యా,

నీ ఉత్తరం క్లాసుకి వెళ్తూ మెట్ల మీద విప్పాను. అక్కడే కూర్చుండిపోయాను. పిల్లలు నన్ను దాటుకుని వెళ్ళారు.

పెద్దావిడ అంటే అమ్మ అని నాకు తెలీదు. నేను యంత్రం గురించి రాశాను, అన్నయ్యా. నాన్నగారు పెళ్ళికి ముందు కొన్న ఆ ఇస్త్రీ యంత్రం, దుప్పట్లు దొర్లించేది, దాన్నే కదా ఆయన పెద్దావిడ అనేవారు. అమ్మకంటే నెల ముందు ఇంటికొచ్చింది కాబట్టి అది పెద్దావిడ, అమ్మ చిన్నావిడ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి అమ్మని ఉడికించేవారు. నేను పుట్టి పెరిగిందంతా ఆ పేరు వింటూనే. దాని రొదకే చెవుల్లో దూది పెట్టుకున్నాను. విడిభాగాలు దానికి. తూకం దానికి.

నువ్వు రాసింది అమ్మ గురించని తెలిశాక నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. వేడెక్కిందేమో అని రాశావు. గొణుగుడు అని రాశావు. నేనెందుకు యంత్రం కాదనుకుంటాను?

అమ్మ దొరికిందా? వెంటనే రాయి. పెద్ద పిన్ని వాళ్ళింట్లో కనుక్కో. బస్టాండులో అడుగు. నేను సెలవు పెట్టి బయల్దేరాలా, ఇక్కడికేమైనా వస్తుందేమోనని ఇక్కడే ఉండాలా? అసలు ఆ యంత్రం ఇప్పుడెక్కడుంది?

చిట్టి

జూన్ 24

చిట్టీ,

యంత్రం ఎక్కడుందని అడిగావు. నాన్నగారు పోయిన ఏడాదే తీసేశాం. పాత సామాన్లవాడే పట్టుకెళ్ళాడు. నువ్వు వచ్చినప్పుడల్లా వంటింట్లోంచే మాట్లాడి వెళ్ళిపోతావు, షాపు వెనక గదిలోకి ఎన్నాళ్ళయిందో తొంగిచూసి.

పేరెలా మారిందో నిన్నంతా ఆలోచించాను. యంత్రం ఉన్నన్నాళ్ళూ పనివాళ్ళు "ఈ దుప్పట్లు పెద్దావిడ దగ్గర పడేయ్" అనేవారు. అది తీసేసి ఆ చోట్లో అమ్మ ఇస్త్రీబల్ల వేశాం. వాళ్ళు అలాగే అంటూ పోయారు, "పెద్దావిడ దగ్గర పడేయ్" అని. అక్కడుంది అమ్మ. ఎవరూ కావాలని పెట్టింది కాదు. ఇంట్లో అమ్మ, షాపులో అడుగుపెడితే నాకూ పెద్దావిడే. నీకు రాసేటప్పుడు లాండ్రీ సంగతి అని మొదలెట్టాను కాబట్టి ఆ మాటే కలంలోంచి వచ్చింది. నీ తప్పేం లేదు. మొన్నటి ఉత్తరంలో అన్న మాటలు నేను వెనక్కి తీసుకుంటున్నా.

అమ్మ ఆచూకీ లేదు. పెద్ద పిన్ని దగ్గరికి వెళ్ళలేదు. బస్టాండులో టిక్కెట్ల కిటికీ దగ్గరవాడు, ఇస్త్రీపెట్టె చంకనెట్టుకున్న ముసలామెని చూశానన్నాడు, ఎటెళ్ళిందో చూడలేదన్నాడు. పోలీసులకి చెబుదామంటే మీ వదిన ఇంకో రెండు రోజులు చూద్దామంటోంది.

ఇస్త్రీ నేనే చేస్తున్నా. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పనే కదా అనుకున్నా. లాయరు గారి కాలరు మాడ్చాను. ఆయన "అమ్మగారు లేరా" అని మాత్రం అడిగాడు. నీ తత్వవేత్త రోజంతా తలుపేసుకుని కూర్చున్నాడన్నావే, ఆ పొయ్యిలోకి కట్టెలు ఎవరు తెచ్చి వేశారో కాస్త పుస్తకంలో వెతికి చెప్పు. ఆ వేసినవాడి మీద నాకిప్పుడు చాలా జాలిగా ఉంది.

అన్నయ్య

జూలై 1

అన్నయ్యా,

అమ్మ దొరికింది. క్షేమంగా ఉంది. ముందు ఆ మాట చదివి, కూర్చుని, మిగతాది చదువు.

నిన్న మధ్యాహ్నం క్లాసులో ఆ తత్వవేత్త గురించే చెప్తున్నాను. ఒళ్ళు గడియారంలాంటి యంత్రమనీ, మనసు దానికి భిన్నమనీ బోర్డు మీద రాసి ఇటు తిరిగాను. ఆఖరి బెంచీ మీద అమ్మ. కళ్ళజోడు పెట్టుకుని, ముందు నా కాగితాల కట్ట పెట్టుకుని. అడ్డుకునేవాళ్ళు లేరా అని నువ్వు అడుగుతావు. మామ్మగారిని ఎవరు అడ్డుకుంటారు, ఎవరి తాలూకో అనుకుని కుర్రాళ్ళే చోటిచ్చారట.

అమ్మ చెయ్యెత్తింది. నన్ను "మేడమ్" అంది, అన్నయ్యా. "మేడమ్, ఒళ్ళు యంత్రమన్నారు కదా. మరి ఒక యంత్రం పని చేయడం మానేస్తే, అది ఆగిపోయిందో, లోపలున్నావిడ ఆపేసిందో బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?" పిల్లలు నవ్వారు. రాకుమారి ప్రశ్నకి దగ్గరి చుట్టమే అది, జవాబుగా పది పేజీలు చెప్పొచ్చు. నేను మాత్రం గంట కొట్టేదాకా కిటికీ వైపు తిరిగి నిలుచున్నాను.

బయట వరండాలో కాళ్ళమీద పడినంత పనిచేశాను. నేను రాసింది యంత్రం గురించమ్మా, నీ గురించి కాదు, ఆ పేరు నీకొచ్చిందని నాకు తెలీదు అని మొత్తం ఒక్క గుక్కలో చెప్పాను. అమ్మ నా మొహం తుడిచి, "తెలుసే పిచ్చిదానా. నువ్వు దాని గురించే రాశావని దూది అన్నమాట దగ్గరే తెలిసింది. నాకు తెలీదా ఆ రొద?" అంది.

మరెందుకు వచ్చేశావమ్మా అన్నాను. అప్పుడు అమ్మ చెప్పింది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నా. "వాడు నా గురించి రాశాడు. నువ్వు యంత్రం గురించి బదులు రాశావు. వాడు చదువుకుని అది నా గురించే అనుకున్నాడు. ఇద్దరూ చక్కగా మాట్లాడేసుకున్నారు. ఎక్కడా ఒక్క వాక్యం అడ్డం తగల్లేదు. నీ ఉత్తరం రెండోసారి చదివింది అందుకే, ఒక్కచోటైనా తట్టుకుంటుందేమోనని. తట్టుకోలేదు."

అన్నయ్యా, నేను పదేళ్ళుగా పాఠం చెప్తున్నది ఇదే. ఆడవాళ్ళని ఒంటికి కట్టేసి, ఒంటిని పనికి కట్టేసి చూశారని, దాన్ని విప్పడానికి ఆ పాత తత్వం ఎలా పనికొచ్చిందని. పరీక్షల్లో ప్రశ్న కూడా ఇస్తాను. అమ్మ ఆ మాట అన్నాక వరండాలో నిలబడి, మా అమ్మని నేను ఏ వాక్యంలో పెట్టి చూశానో అని వెతుక్కున్నాను.

అమ్మ ఇల్లు వదిలిన రోజు నుంచీ ఉన్నది ఈ ఊళ్ళోనే. మా కాలేజీ వెనక వీధిలో ఉద్యోగం చేసుకునే ఆడవాళ్ళ హాస్టల్లో, పై అంతస్తు గది. మంచం, బల్ల, సైకిల్ రిపేరు షాపు మీదికి ఒక కిటికీ. నేను రోజూ ఆ కిటికీ కింది నుంచే నడుస్తున్నాను. నా గదికి రమ్మంటే రాలేదు. "నీ దగ్గరుంటే సాయంత్రానికి వంట నాదవుతుంది" అంది. నేను కాదనలేకపోయాను.

చిట్టి

జూలై 6

చిట్టీ,

నీ ఉత్తరం మీ వదినా నేనూ రెండుసార్లు చదివాం. నేను జూన్‌లో రాసిన ఆ మొదటి ఉత్తరం నీ దగ్గరుంటే చింపేయి. వద్దులే, ఉంచు.

మీ వదిన ఒక మాట పట్టుకుంది. నాన్నగారు ఉన్నప్పుడు మనం "నాన్నగారు వచ్చారు, నాన్నగారు తిన్నారు" అనేవాళ్ళం. అమ్మకి ఎప్పుడూ "అమ్మ వచ్చింది, అమ్మ తింది." కరెంటు వచ్చింది, పాలు పొంగింది, అమ్మ వచ్చింది, అన్నీ ఒకటే వరస. అందుకే వాక్యాలు అడ్డం తగల్లేదు అంది మీ వదిన. పాలు పొంగాయి అనాలి అని నేను దిద్దబోతే నన్ను చూసిన చూపు నీకు రాయలేను.

కాబట్టి ఇవాళ్టి నుంచీ ఇంట్లోనూ షాపులోనూ అమ్మగారు అనే అనాలని తీర్మానం. పనివాళ్ళకీ చెప్పేశాను. పెద్దావిడ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. అమ్మగారు ఎలా ఉన్నారు? భోజనం సరిగ్గా చేస్తున్నారా? రాస్తుంటే నాకే ఎవరో కొత్తవాళ్ళ గురించి అడుగుతున్నట్టుంది, కానీ అలవాటు చేసుకుంటాను. ఈ మాట అమ్మగారికి చెప్పు. వచ్చేయమని చెప్పు. ఇస్త్రీ ముట్టుకోనక్కర్లేదు. బాయిలర్ పక్కన కుర్చీ అలాగే ఉంది, ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. ఇల్లు ఇల్లులా లేదు, చిట్టీ. పొద్దున్నే నన్ను తిట్టేవాళ్ళు లేక రోజు మొదలైనట్టే ఉండడం లేదు.

అన్నయ్య

జూలై 11

పెద్దాడా,

చిట్టి కవర్లో ఈ కాగితం నాది. నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు, ఎప్పుడూ ఎదురుగానే ఉన్నావు కదా. కాలరు మాడ్చావని విన్నాను. కాలరు లోపలివైపు నుంచి మొదలుపెట్టాలి, ఎన్నిసార్లు చెప్పినా నీ చెవికెక్కదు.

నాకు నీ "వచ్చారు, తిన్నారు" వద్దు. కోడలి మనసు మంచిది, ఆ మాట పట్టుకుంది చాలు. కానీ నేను ఇక్కడ కూర్చుని చిట్టి కాగితాలు మళ్ళీ మొదటినుంచీ చదువుతుంటే ఒకటి కనపడింది. మనసు ఆలోచించింది. మనసు అనుమానపడింది. మనసు తేల్చుకుంది. ఆ మనసు ఎవరిదంటావు? ఆ పొయ్యిగదిలో కూర్చున్న మగాయనదే. ఎంత గొప్పవాడైనా ఆయన మనసు కూడా "వచ్చింది" అనే వస్తుంది, "వచ్చాడు" అనదు. ఆయన మనసుకీ నాకూ ఒకటే మాట. చిట్టికి ఆ వాక్యం సులువుగా ఒదిగిందంటే ఎందుకు ఒదగదు, మన భాష ముందే అక్కడ కూర్చుని ఉంది. చిట్టి ఈ మాట విని నోరు తెరిచింది, ఇంకా మూయలేదు. ఇంతదాకా వచ్చి ఇప్పుడు మీ నాన్న వాడి వదిలేసిన "రు" తగిలించుకుని నేనెక్కడికి పోనురా?

మాట మార్చక్కర్లేదు. "వచ్చింది" అని విన్నప్పుడల్లా ఎవరు అని ఒక్కసారి అడుగు. అది చాలు.

ఇక్కడ నాకు బాగుంది. పక్క గదిలో టైపు చేసే అమ్మాయీ, కింద గదిలో నర్సూ సాయంత్రాలు వచ్చి కూర్చుంటారు, కాగితాల్లో ఒక పేజీ చదువుతాం, పోట్లాడుకుంటాం. ఆ కాలంలో ఒకావిడ, ఆడవాళ్ళు చదువుకోడానికి, ఆలోచించుకోడానికి విడిగా ఒక ఇల్లుండాలని రాసిందట. చిట్టి చెప్పింది. మాకు ఇల్లు లేదు గానీ కిటికీ ఉంది. నేను చిన్నప్పుడు ఏమవుదామనుకున్నానో గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నా. ఇంకా రాలేదు. ఎవరూ నన్ను అడగలేదు కాబట్టి నేనూ అనుకోలేదేమో.

ఏడవకు. నువ్వు ఏడిస్తే కోడలికి కంగారు.

అమ్మ

జూలై 17

అన్నయ్యా,

ఇది అమ్మ ఎలా చెప్తే అలా రాస్తున్నాను, ఒక్క ముక్క కలపలేదు.

శనివారం పొద్దున బస్సుకి బయల్దేరుతోంది. మధ్యాహ్నానికి అక్కడికి చేరుతుంది. బస్టాండుకి వెళ్ళి జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళు. బరువు ఎక్కువ, నువ్వే వెళ్ళు.

చిట్టి

జూలై 21

చిట్టీ,

శనివారం బస్టాండుకి అందరం వెళ్ళాం. షాపు మూసేశాను. నాన్నగారు పోయిన రోజు తర్వాత అది మూయడం ఇదే. మీ వదిన డ్యూటీ మార్చుకుంది. కుర్చీకి కొత్త దిండు కుట్టించింది. బరువు ఎక్కువ అని రాశావు, అమ్మ బోలెడు పుస్తకాలు తెస్తోందని నవ్వుకున్నాం.

బస్సు వచ్చింది. దిగినవాళ్ళ మొహాలన్నీ చూశాం. ఆఖరి మనిషి కూడా దిగిపోయాక కండక్టరు మన షాపు పేరు పిలిచి ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. బరువుగానే ఉంది. అక్కడే బెంచీ మీద విప్పాను. లోపల అమ్మ ఇస్త్రీపెట్టె. తీగ పొందికగా చుట్టి, అడుగు నున్నగా తుడిచి ఉంది.

నాకు చాలాసేపు అర్థం కాలేదు. బస్సు ఖాళీగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదాకా చూస్తూనే ఉన్నా. ఎవరు అని అడగమంది అమ్మ. అడిగిందల్లా ఆ ఒక్కటే. నీ ఉత్తరం చూడగానే దిండు సంగతి ఆలోచించాను తప్ప, ఎవరు అని అడగాలని తోచలేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మీ వదిన పక్కన కూర్చుంది. కోపం వస్తుందనుకున్నా. రాలేదు. సిగ్గేసింది.

ఇవాళ దాంతోనే ఇస్త్రీ చేశాను. పిడి మీద అమ్మ బొటనవేలు ఆనే చోట పల్లం పడి ఉంది. ఇన్నేళ్ళూ ఆ పిడి నా కళ్ళముందే ఉంది, ఆ పల్లం నేను చూసింది లేదు. నా వేలు అందులో ఇమడడం లేదు. కాలరు లోపలివైపు నుంచి మొదలుపెట్టాను. మాడలేదు. లాయరు గారికి తెల్లచొక్కా ఇస్తే, అమ్మగారు వచ్చేశారా అన్నాడు. లేదండీ, చేసింది నేను అన్నాను.

ఈ ఉత్తరం అమ్మకి పైకి చదువు. మధ్యలో ఆపకు, పూర్తిగా చదువు.

అమ్మా, ఎప్పుడొస్తావని అడగను. చిన్నప్పుడు ఏమవుదామనుకున్నావో గుర్తొస్తే మాత్రం నాకు రాయి. ఇన్నాళ్ళూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నా. మాస్టారు ఇప్పుడుంటే దిద్దమనేవారు కాబట్టి, జూన్‌లో నేను రాసిన వాక్యం దిద్ది పంపుతున్నాను. "పెద్దావిడ ఆగిపోయింది" అన్నది తప్పు. "అమ్మ పని ఆపేసింది."

కర్త ఉంది, చూసుకో.

పెద్దాడు